ఆది జాకెట్

వచ్చిన మనిషి మర్యాదస్తుడే. ఆ మాట ముందే చెప్పేస్తే తర్వాత నేనాయన్ని ఎంత తిట్టుకున్నా నాకు పాపం అంటదు. పోయిన వేసవిలో హైదరాబాదు నుంచి బస్సు దిగి, నరసరావుపేటలో మా సందు వెతుక్కుంటూ వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. కుళాయి దగ్గర బిందె నింపుకుంటున్న రమణ "మస్తానమ్మ పిన్ని ఇల్లా? అదుగో, గుమ్మంలో చీరలేలాడతన్నయ్యే, అదే" అని చూపించింది. ఆ పిల్లకి నేను పిన్నిని. ఈ సందులో సగం మందికి పిన్నినే. చీరలకి ఫాల్స్ కుట్టి, జాకెట్లకి హుక్కులూ కాజాలూ వేసి బతుకుతున్నాను. మధ్యమధ్య ఏదైనా తోస్తే రాసి పత్రికలకు పంపుతాను. అట్లా అచ్చయినదేదో చదివి నా కోసం వచ్చానన్నాడు. మగవాళ్లని ప్రేమించే మగవాళ్లు, ఆడవాళ్లని ప్రేమించే ఆడవాళ్లు, నాలాగా మగపిల్లాడని పేరు పెడితే ఆడమనిషిగా బతికినవాళ్లు, అందరం ఒకటేననీ, మన పాత సంగతులన్నీ పోగు చేస్తున్నామనీ చెప్పాడు. తను మగవాళ్లని ప్రేమించే మనిషినని తడుముకోకుండా చెప్పుకున్నాడు. మా కాలంలో ఆ మాట నోట్లోనే కుళ్లిపోయేది. అందుకని నాకు ముచ్చటేసింది. "అమ్మా, అమ్మా" అంటూ నేనిచ్చిన మజ్జిగ తాగాడు. ఇంకో గ్లాసు పోశాను.

తర్వాత ఫోను తీసి, "మీ మాచర్లలో ఉన్న పెద్దాయనేనమ్మా, వినండి" అంటూ ఒక గొంతు వినిపించాడు. బాగా ముసలి గొంతు. కానీ మాటకి ముందు ఓసారి గొంతు సకిలించి, క్లాసులో పిల్లలందరూ తలెత్తేదాకా ఆగే అలవాటు ఎక్కడికి పోతుంది? రాఘవులు మేష్టారు. "ఆ రోజుల్లో మాచర్లలో ఒక దర్జీ కొట్టుండేది. ఆదివారం మధ్యాహ్నాలు తలుపులు మూసుకుని కూర్చునేవాళ్లం. మేం నలుగురం. లోకంలో మాకున్న ఇల్లు అదొక్కటే." మళ్లీ పెట్టమన్నాను. మళ్లీ నలుగురనే అన్నాడు. "మేం ఐదుగురం నాయనా" అన్నాను. కుర్రాడు ఫోను వంక చూసి, "మర్చిపోయుంటారమ్మా, పెద్ద వయసు కదా" అన్నాడు. కొట్టు గుర్తుంది, ఆదివారం గుర్తుంది, తలుపులు గుర్తున్నాయి. మర్చిపోవడానికి నేనొక్కదాన్నే దొరికానన్నమాట. 

మాది మాచర్లలో దూదేకుల ఇల్లు. మా నాయన కాశిం, దూది ఏకే విల్లు భుజాన వేసుకుని పొద్దున్నే బయల్దేరేవాడు. వెల్దుర్తి, దుర్గి, ఆ చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్లికి పరుపులు కావాలో, ఎవరి పరుపు గట్టిపడి రాయిలాగా అయిందో అన్నీ ఆయనకు ఎరికే. పని ఇంటికి తెచ్చిన రోజు మాత్రం మా ప్రాణాలు తోడేసేవాడు. వింటి తాడు మీద కొయ్య గుండు పడుతుంటే టంయ్ టంయ్‌మని ఇల్లంతా మోగేది. దూది పింజలు అన్నంలోకీ, నీళ్ల కడవలోకీ, అమ్మ కొప్పులోకీ ఎగిరొచ్చేవి. పాత పరుపు విప్పితే ఒక వాసన కొట్టేది. ముక్కిన దూది, చెమట, కొబ్బరినూనె, చంటిపిల్లల ఉచ్చ అన్నీ కలిసిన వాసన. "ఊరోళ్ల నిద్దరంతా మనింట్లోనే ఉందిరా" అనేది మా నాయనమ్మ. ఇప్పటికీ ఏ ఇంట్లోనైనా పాత పరుపు ఎండలో వేస్తే ఆ పక్కన కాసేపు నిలబడతాను. చూసినవాళ్లు ఏమనుకుంటే నాకేం.

నాయనమ్మ పేరు మస్తానమ్మ. గురువారం సాంబ్రాణి, శుక్రవారం తలంటు, రోజంతా నోట్లో ఆకూ వక్కా పొగాకూ. పరుపు గలీబు కుట్టేటప్పుడు గుడ్డ కొసను కాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య బిగించి, మూరెడు సూదితో కుట్టుకుంటూ పోయేది. మాట కరుకు. నన్ను ముద్దు చేసిన గుర్తు లేదు. మా అన్న సైదులు తర్వాత పుట్టిన పిల్లలు నిలవలేదని, నేను పుట్టగానే నా ముక్కు కుట్టించి, ఆడపిల్లే పుట్టిందని ఊరంతా చెప్పింది. చావు దారి తప్పుతుందని నమ్మకం. అట్లా ముక్కు కుట్టించిన మగపిల్లలు మా వీధిలోనే ఇంకొందరుండేవాళ్లు. బడికి పోయే వయసు రాగానే రింగు తీసేస్తే వాళ్ల ముక్కులన్నీ పూడిపోయాయి. నేను పూడనివ్వలేదు. వేపపుల్ల గిల్లి, దాన్ని నున్నగా గీకి రంధ్రంలో పెట్టుకునేదాన్ని. "ఏందిరా ముక్కులో ఆ పుల్ల?" అని నాయనమ్మ అడిగితే "పుండు లేసింది" అనేదాన్ని. "పుండు మానాలంటే పుల్ల తియ్యాలిరా" అనేది. ఆ మాట అనేసి, తియ్యమని అడక్కుండానే తన పని మీద పోయేది.

విల్లు ఆడించే బలం నా భుజాలకు లేదని తేలిపోయాక, మా నాయన నన్ను వెంకటేశులు కొట్లో పనికి పెట్టాడు. అప్పటికి నాకు ఇరవై దాటాయి. స్టేషను దారిలో చెక్క పలకల తలుపుల కొట్టు. బొగ్గుల ఇస్త్రీ పెట్టె వేడి, మిషను ఆయిలు, తడి గుడ్డ మీద ఇస్త్రీ పెట్టె ఆనినప్పుడు లేచే ఆవిరి. గుంటూరు నుంచి వచ్చే ప్యాసింజరు మాచర్లలోనే ఆగిపోతుంది, అక్కణ్నించి ముందుకు పట్టాలు లేవు. దాని కూత వినబడితే వెంకటేశులన్న కత్తెర పక్కన పెట్టి టీకి పంపేవాడు. కాజాలు కుట్టడం నాకు ఆయనే నేర్పాడు. ఆయనకొక పట్టుదల ఉండేది. ఆడవాళ్ల ఒంటి మీద టేపు వెయ్యడు. జాకెట్ కుట్టాలంటే కొలతకి తమకు సరిపోయే పాత జాకెట్ ఒకటి తెచ్చివ్వాలి. దాన్నే ఆది జాకెట్ అంటారు. ఆది చూసుకుని కత్తిరించడం అప్పట్లో దర్జీలందరూ చేసేదే గానీ, వెంకటేశులన్న మరీ ఘోరం. పెళ్లి దగ్గరపడి, ఆది వదులైపోయిందని తల్లి బతిమాలినా "పిన్నిగారి జాకెట్టో అక్కగారి జాకెట్టో సరిపోయేది తీసుకురా అమ్మా, టేపు మాత్రం వెయ్యను" అనేవాడు. ఆ పేరు మీదే ఊరంతా ఆడపిల్లల్ని ధైర్యంగా ఆ కొట్టుకి పంపేది. టేపు మగవాళ్లకే, చొక్కాలకీ ప్యాంట్లకీ.

ఆదివారం మధ్యాహ్నం పలకలు పెట్టేసి వెనక గదిలో కూర్చునేవాళ్లం. వెంకటేశులన్న, రాఘవులు మేష్టారు, ఒక లారీ మెకానిక్కు, ఒక రైసుమిల్లు గుమస్తా, నేను. నన్ను మొదటిసారి ఉండమన్న రోజున నాకేమీ విడమరచి చెప్పలేదు. "నీ సంగతి మాకు తెల్సులేవే, కూర్చో" అన్నాడు అన్న. అంతే. ఆ "వే" చెవిన పడగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. తలుపు మూసుకున్నాక అక్కడ మగ వరసలుండవు. వెంకటేశులన్న పెద్దక్క. మేష్టారు వదిన. మెకానిక్కు పిన్ని, గుమస్తా అత్త. నేను చెల్లిని. "ఏమే వదినా, ఇయ్యాల మీ ఆయన గడప దాటనిచ్చాడా?" అని అన్న అడిగితే, ఇంటి దగ్గర భార్యాబిడ్డలున్న మేష్టారు మూతి తిప్పి "యాడ పిన్నీ ఆ సుఖం" అని మెకానిక్కు భుజం మీద వాలేవాడు. నవ్వలేక చచ్చేవాళ్లం. ఎవరిదో ఫాల్ కుట్టాల్సిన చీర భుజాన వేసుకుని మెకానిక్కు నడిచి చూపించేవాడు. సాయంత్రం కాగానే చీర మడిచి, మీసాలు దువ్వుకుని, ఒక్కొక్కరే జారుకునేవాళ్లు. పలకలు తియ్యగానే అన్న గొంతు మారిపోయేది. "ఒరేయ్, ఆ చొక్కాకి కాజాలయినయ్యా?" అని గదమాయించేవాడు. నాకు కోపమొచ్చేది కాదు. బయట ఎన్ని అన్నా లోపల నేను చెల్లినే కదా అనుకునేదాన్ని.

మేష్టారు ఇంగ్లీషు పుస్తకాలు చదివిన మనిషి. "మనలో ఏ తప్పూ లేదు. మనలాంటోళ్లు దేశదేశాల్లో ఉన్నారు. ఎవరికీ తలొంచాల్సిన పని లేదు" అనేవాడు. ఆ మాట నాకు అన్నం పెట్టినట్టుండేది. నా నడక చూసి వీధిలో ఈలలు వేస్తే, మేష్టారి మాటను మనసులో అనుకుంటూ ఇంటికి పోయేదాన్ని. ఆయన "మన" అన్నప్పుడల్లా అందులో నేనున్నాననే నమ్మాను. ఎందుకు నమ్మను? వదినామరదళ్లం కదా మరి.

ఒక ఆదివారం ధైర్యం చేసి "అక్కా, నాకో జాకెట్ కుట్టిస్తావా?" అని అడిగాను. "నీకు ఆది యాడుందే పిచ్చిదానా?" అని నవ్వాడు వెంకటేశులన్న. నవ్వి, మెళ్లో టేపు తీసి నా భుజాలు కొలిచాడు, ఛాతీ కొలిచాడు, చెయ్యి కొలిచాడు. మెకానిక్కు చప్పట్లు కొట్టాడు. చిలకాకుపచ్చ ముక్క ఒకటి మిగిలుంటే దాంతోనే కుట్టిచ్చాడు. నేనొక్కదాన్నే గదిలో ఉన్నప్పుడు తొడుక్కుని, చంకల కింద కుట్టు తడుముకుని, ఇంత బాగా కుదిరిందేమిటా అని మురిసిపోయాను. ఊళ్లో ఏ ఆడదానికీ దక్కని మర్యాద నాకు దక్కిందనుకున్నాను.

కొన్నాళ్లకు మా అన్న సైదులు నాకు వెల్దుర్తి సంబంధం తెచ్చాడు. నేను చేసుకోనన్నాను. ఆ పిల్ల గొంతు కొయ్యలేనన్నాను. నాయన చెయ్యి చేసుకున్నాడు. ఇక దాచి లాభం లేదనిపించి, ఆ ఆదివారం వెనక గదిలో నా మనసులోది బయటపెట్టాను. "నేనిక చీరే కట్టుకుంటానక్కా. ఇంట్లో ఉండనియ్యరు. గుంటూరులో మనోళ్ల ఇళ్లున్నయంట, హిజ్రా అమ్మలు చేరదీస్తరంట. కానీ నాకు ఊరొదల బుద్ధి కావట్లా. ఈ వెనక గదిలో పడుకుంటా. కాజాలు కుట్టుకుంటా. మీరు నలుగురూ పక్కనుంటే ఊరు నాల్రోజులు నవ్వి ఊరుకుంటది." మొదట మెకానిక్కు నవ్వాడు, ఆటేననుకుని. ఎవరూ నవ్వకపోయేసరికి ఆగిపోయాడు. మేష్టారు సకిలించాడు. "అదేంది? లోపల ఏదో సరదాకి అనుకుంటాం. మనం మగాళ్లం. మన ఇష్టం వేరు, అంతే. చీర కట్టి రోడ్డెక్కితే మమ్మల్ని గూడా ఆ చప్పట్లు కొట్టేవాళ్లల్లో కలిపేస్తారు. నీలాంటోళ్ల వల్లే మాకు తలెత్తుకునే రాత లేకుండా పోతంది" అన్నాడు. ఎప్పటి "మన" ఎప్పుడు "మా" అయిందో నాకు అందలేదు. నేను వెంకటేశులన్న వంక చూశాను. ఆయన టేపు చుట్టుకుంటూ, "చూద్దాంలే, ముందు ఇంటికి పో" అన్నాడు. పిచ్చిదాన్ని, ఆ "చూద్దాంలే" పట్టుకుని రాత్రంతా నిద్ర పోలేదు.

మర్నాడు పనికి వెళ్లే వేళకి, అమ్మ పాత నేత చీర, నా చిలకాకుపచ్చ జాకెట్, ముక్కుకి పుల్ల బదులు తెల్లరాయి పుడక. అట్లా మా వీధి దాటి స్టేషను దారి పట్టాను. నా వెనక ఎంతమంది వచ్చారో తిరిగి చూడలేదు. కొట్టు ముందుకి వెళ్లేసరికి గిరాకీలు నిలబడి ఉన్నారు, మా అన్న సైదులు కూడా పరుగున వచ్చేశాడు. నా జుట్టు పట్టుకుని "ఈ జాకెట్ ఎవుడు కుట్టాడ్రా? చెప్పు" అన్నాడు. నేను చెప్పలేదు. జనం కొట్టులోకి చూశారు. వెంకటేశులన్న మిషను మీద నుంచి లేచాడు. "నా వంక చూస్తారేంది? ఆది లేకుండా నేను జాకెట్ కుట్టనని ఊళ్లో ఎవుర్నడిగినా చెబుతారు. వీడికి ఆది యాడిది? నా కొట్లో గుడ్డ దొంగిలించి వీడే కుట్టుకునుంటాడు" అన్నాడు. అవునవునని తలలూపారు జనం. ఆయన పట్టుదల అందరికీ తెలిసిందే మరి.

అప్పుడర్థమయింది నాకు, ఆ ఆదివారం ఆయన చేసిందేమిటో. ఆడవాళ్ల ఒంటి మీద టేపు వెయ్యని మనిషి నా మీద వేశాడు. నోటితో చెల్లీ అంటూ చేత్తో మగవాడి కొలతలు తీశాడు. నేను మర్యాదనుకున్నది అది. ఇంకా సందేహమేమైనా మిగిలుంటే అది మేష్టారు తీర్చాడు. బడికి పోతూ సైకిలు దిగి, జనం దారిస్తే లోపలికొచ్చి, నన్ను కింద నుంచి పైదాకా చూసి, "ఇట్టాంటి కొజ్జావాళ్లని ఊళ్లో ఉండనియ్యగూడదయ్యా, పిల్లలు చెడిపోతారు" అన్నాడు. నిన్నటి ఆదివారం దాకా వయ్యారంగా తిప్పిన మూతే అది. నేను "వదినా" అని ఒక్క పిలుపు పిలిచుంటే ఆ నలుగురి సంసారాలూ ఆ వీధిలోనే కూలిపోయేవి. పిలవనని వాళ్లకు తెలుసు. నా మంచితనం మీద అంత నమ్మకం ఉండబట్టే నన్ను అంత ధైర్యంగా తోసేశారు. పరాయివాళ్లు చేసుంటే ఇంత మంట ఉండేది కాదు. వెంకటేశులన్న దగ్గరికి జరిగి, ఎవరికీ వినబడకుండా "ఒక్కసారి చెల్లీ అని పిలువన్నా, వెళ్లిపోతా" అన్నాను. ఆయన నా మొహంలోకి చూశాడు. ఆ పెదవి వణకడం నేను చూశాను. "ఎవుడ్రా నీకు అన్న? ఫో" అన్నాడు, వీధంతటికీ వినబడేటట్టు.

ఆ తర్వాత ఇంట్లో జరిగింది రాయను. అట్లాంటివి ఇప్పటికే చాలామంది రాశారు, అన్నీ ఒకేలా ఉంటాయి. నాయనమ్మ మాత్రం తడి గుడ్డతో నా మొహం తుడిచి, ముక్కుపుడక ఊడి పడితే వెతికి తెచ్చింది. "ముక్కు కుట్టించింది నేను. తిట్టేదుంటే నన్ను తిట్టు" అంది మా నాయనతో. ఆయన విల్లు తీసుకుని బయటికి పోయాడు. నేను ప్యాసింజరెక్కాను. గుంటూరులో నన్ను చేరదీసిన అమ్మ నీ పేరేమిటే అని అడిగితే, నాయనమ్మ పేరు చెప్పాను. ఆ పేరుతోనే ఇన్నేళ్లు బతికాను. వెంకటేశులన్న పోయాడని ఎప్పుడో విన్నాను. ఏడుపు రాలేదు, కానీ ఆ రోజు కాజాలు కుట్టబుద్ధి కాలేదు.

ఇదంతా హైదరాబాదు కుర్రాడికి చెప్పాను. విన్నాడు. కళ్లు కూడా తుడుచుకున్నాడు. అప్పటికీ ఇప్పటికీ ఎంత తేడా అనుకున్నాను. అప్పుడు తలుపులు మూసుకుని గుసగుసలాడిన మాటలు ఇప్పుడు మైకులో చెబుతున్నారు. మమ్మల్నందర్నీ నాలుగు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి ఒక్క ఊపిరిలో పలుకుతున్నారు. ఆ పై నెల హైదరాబాదులో మేష్టారికి సన్మానం పెట్టుకున్నారట. "నన్ను కూడా తీసుకుపో నాయనా. తిట్టనులే. ఆయనెదురుగా కూర్చుని, మేం ఐదుగురమని ఒక్కసారి చెప్పి వస్తా" అన్నాను. కుర్రాడు గ్లాసు కింద పెట్టాడు. "అదీ... ఆ రోజు కాస్త కుటుంబాలవాళ్లు, పెద్దవాళ్లు వస్తారమ్మా. చీరల్లో అందరూ వస్తే మళ్లీ జనం అదే చూస్తారు, మేం చెప్పేది వినరు. మీవాళ్లకి వేరేగా ఒక రోజు పెట్టాం" అన్నాడు. ఎంత నెమ్మదిగా చెప్పాడో. మేష్టారి చేత కూడా ఇంత నెమ్మదిగా చెప్పించుకోలేదు నేను.

లేచి సంచీ భుజాన వేసుకుని, "ఉంటానమ్మా" అని నా కాళ్లకి దణ్ణం పెట్టబోయాడు. ఆపేశాను. "ఇక్కడ వద్దు. గడప దిగు. సందులో నిలబడి, ఆ కుళాయి దగ్గరున్నవాళ్లకి వినబడేటట్టు, ఆ 'అమ్మా' అనే మాట అను. సన్మానం నాకొద్దు. ఇది చాలు" అన్నాను. నవ్వాడు. నేను నవ్వడం లేదని చూసి ఆపాడు. గడప దిగాడు, చెప్పులేసుకున్నాడు. కుళాయి దగ్గర ఆడవాళ్లున్నారు. ఇస్త్రీ బండి దగ్గర ఇద్దరు మగవాళ్లు నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూస్తున్నారు. కుర్రాడు వాళ్ల వంక చూశాడు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆ రోజు కొట్టు ముందు గుండె ఎట్లా కొట్టుకుందో అట్లాగే కొట్టుకుంది, ఈ వయసులో సిగ్గు లేకుండా.

"వస్తానండీ" అన్నాడు. గబగబా సందు మలుపు తిరిగాడు.

బిందె చంకనెత్తుకుని రమణ అక్కణ్నించే కేకేసింది. "ఎవురు పిన్నీ ఆయన?"

"మావాళ్లేనే" అన్నాను.